యజమాని ఇవ్వని గడియారం

ఒడిల్ నికొలే చేసే పనిలో సగం, ఎదుటివాళ్ళ మొహం వాడిపోతుంటే చూస్తూ కూర్చోవడమే. ఈ మాట నాది కాదు, ఆవిడదే. మా గడియారాల ఊరు బియెన్‌లో గెర్బెర్ గారి వేలంశాలలో నేను ఫోటోలు తీసేదాన్ని. నెలకో శనివారం ఎవరైనా సరే తమ పాత గడియారాలు తెచ్చి ధర కట్టించుకోవచ్చు. కిటికీ పక్కన బల్ల వెనక, కంటికి భూతద్దం బిగించుకుని ఒడిల్ కూర్చునేది. జనం వాటిని జేబురుమాళ్ళలో, మేజోళ్ళలో, మందుల డబ్బాల్లో పెట్టుకుని వచ్చేవారు. వచ్చేటప్పుడు అందరి నడకా ఒకేలా ఉండేది, నిండు గిన్నె మోసుకొస్తున్నట్టు.

"మా మావగారిదండీ. యుద్ధం రోజుల్లో కొన్నారు. బంగారమే కదా?" అని ఒకావిడ అడిగింది ఒక శనివారం.

"పూత, మదామ్."

"మరి లోపలో?"

"లోపల యంత్రం మంచిదే. అప్పట్లో మా లోయలో ఇలాంటివి బుట్టలకొద్దీ చేసేవారు. అందుకే పెద్దగా రాదు."

"పెద్దగా అంటే ఎంత రాదు?"

ఒడిల్ చెప్పింది. ఆవిడ జేబురుమాలు నాలుగు మూలలూ మళ్ళీ ముడివేసుకుంది. "మిమ్మల్ని పెద్ద నిపుణులని చెప్పారే!" అనేసి వెళ్ళిపోయింది.

ఒడిల్ నా వైపు తిరిగింది. "చూశావా? మావగారు బతికున్నన్నాళ్ళూ ఆవిడ ఆ గడియారం మొహం కూడా చూసి ఉండదు. ఇప్పుడు దాని విలువంతా నేను మింగేసినట్టుంది."

అంటూ కళ్ళు నలుపుకుని, తరువాతి మనిషిని రమ్మని చెయ్యి ఊపింది. ఆవిడ కళ్ళ కింద సంచులు అప్పటికే నిద్రతో పోయేవి కావు.

పేరున్న పెద్ద కంపెనీల గడియారాలకు ఒడిల్ అవసరం లేదు. వాటికి పుస్తకాలున్నాయి, దస్తావేజులున్నాయి, అడిగితే జవాబిచ్చే ఆఫీసులున్నాయి. ఆవిడ పనంతా ఎవరికీ పట్టని చిన్న కంపెనీలతో. ఒకప్పుడు మా జురా లోయల్లో ఇలాంటివి ఊరూరా ఉండేవి. యంత్రం ఒకరి దగ్గర, బయటి లోహపు పెంకు ఇంకొకరి దగ్గర, డయల్ వేరొకరి దగ్గర కొని, అన్నీ కలిపి బిగించి, మీద తమ పేరు వేసుకుని అమ్మేవారు. బ్యాటరీ గడియారాలు వచ్చిపడ్డాక ఒకటి తరువాత ఒకటి మూతపడ్డాయి. అవి పోయిన ఇరవై ఏళ్ళకి మిలాన్ నుంచి, ఒసాకా నుంచి మనుషులు వాటిని వెతుక్కుంటూ రావడం మొదలైంది. ముఖ్యంగా క్రోనోగ్రాఫుల కోసం. అంటే మణికట్టు గడియారంలోనే పక్కన మీట నొక్కితే పరుగుపందేన్ని కొలిచే ముల్లు కూడా ఉన్నవి.

వాటిలో ఒకటి తెర్వాన్ అనే కంపెనీ. త్రామ్లాన్‌లో, రైలు కట్ట పక్కన మూడంతస్తుల మేడ. ఒడిల్ పదహారో ఏట అందులో చేరింది. ముళ్ళు బిగించడం ఆవిడ పని. క్రోనోగ్రాఫుకి ముళ్ళు ఎక్కువ. ఒకదాని మీద ఒకటి, వెంట్రుకంత ఎడంలో, తగలకుండా తిరగాలి. ఊపిరి బిగబట్టి ముల్లు కూర్చోబెట్టి, ఊపిరి వదిలి ఇంకొకటి తీసుకోవడం. అలా నా ముప్ఫయ్యో ఏడు దాటేదాకా ఊపిరి బిగబట్టుకునే బతికానని నవ్వేది.

కంపెనీ మూతపడ్డ వారం యజమాని కొడుకులు పై అంతస్తు కిటికీలోంచి కాగితాలన్నీ కింద లారీలోకి విసిరేశారు. పని పోయినవాళ్ళు రోడ్డు మీద నిలబడి చూశారు. తరువాత ఒడిల్ తవాన్‌లో వృద్ధాశ్రమం వంటగదిలో చేరింది. పెళ్ళి చేసుకోలేదు. మంచాన పడ్డ తల్లికి చాలా ఏళ్ళు చాకిరీ చేసింది. తల్లి పోయిన చలికాలంలో ఒక ఇటలీ ఆయన ఇంటి తలుపు తట్టి, తెర్వాన్‌లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇంకా ఉన్నారా అని అడిగాడు. ఒక కంపెనీ గురించి ఎవరో అంత ఆశగా అడగడం ఆవిడకి వింతగా అనిపించింది. ఆయనకి తెలిసింది చెప్పింది. తెలియనిది, తనతో పాటు తెర్వాన్‌లో పనిచేసిన పక్కింటి యుగెట్‌ని అడిగి చెప్పింది. అలా మొదలైంది.

కాగితాల్లేని చరిత్ర మనుషుల దగ్గరే ఉంటుంది. ఆ మనుషులు తమ వంటగదుల్లో ఉంటారు. ఒడిల్ ఎర్ర రైలెక్కి ఊరూరా తిరిగేది. డయళ్ళ మీద అక్షరాలు అచ్చేసినావిడ, పెంకులు సానపట్టిన ఆయన, పార్సిళ్ళు మోసినవాడు, ఎవరు దొరికితే వాళ్ళు. ఒక్క ముక్క తెలియాలంటే ముందు మోకాళ్ళ నొప్పుల గురించి వినాలి, కోడలి గురించి వినాలి, ఇష్టం లేకపోయినా మూడో కప్పు కాఫీ తాగాలి. "నా కడుపు నిండా కాఫీ, సంచి నిండా ఇతరుల కోడళ్ళు," అనేది. ఏడాదేడాదికీ వంటగదులు తగ్గుతూ వచ్చాయి. తలుపు తడితే కొత్తవాళ్ళు తీసేవారు. చివరికి ఆ చిన్న కంపెనీల గురించి అడగాల్సినవాళ్ళంతా ఆవిడ దగ్గరికే రావడం మొదలెట్టారు. అడగడానికి ఆవిడకి మాత్రం ఒకరిద్దరు తప్ప ఎవరూ మిగల్లేదు.

నేను చెప్పేది ఆవిడకి డెబ్భై దగ్గరపడుతున్న రోజుల సంగతి.

అప్పటికి తెర్వాన్ క్రోనోగ్రాఫుల్లో నల్ల డయల్ ఉన్న రకం మీద సేకరించేవాళ్ళకి పిచ్చి పట్టుకుంది. కంపెనీ మూతపడే ముందు కొద్దిగానే తయారయ్యాయని చెప్పుకునేవారు. జెనీవాలో ఒకటి ఎవరూ ఊహించని ధరకి పోయింది. ఆ వార్త చదివిన వారానికే ఒరేల్ బ్వాయా వేలంశాలకి వచ్చాడు. త్రామ్లాన్ పైన కొండ మీద గుర్రాలు పెంచే మనిషి. వాళ్ళ నాన్న ఎవారిస్ట్ ఒకప్పుడు తెర్వాన్‌లో గోదాం చూసేవాడు. చనిపోయి రెండేళ్ళయింది.

ఒరేల్ కోటు లోపలి జేబులోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. నల్ల డయల్, మూడు చిన్న వృత్తాలు, ఎర్ర మొన ఉన్న పొడుగాటి ముల్లు.

"మా నాన్న కొత్తదే కొన్నాడు. కంపెనీలో ఉండగానే. పండక్కి తప్ప పెట్టుకునేవాడు కాదు."

గెర్బెర్ గారు తన గదిలోంచి లేచొచ్చి మరీ చూశారు. ఆయన మంచివాడే, కానీ వేలంశాల నడపాలి కదా. "ఇది మన కేటలాగు అట్ట మీద వేద్దాం," అన్నారు అక్కడికక్కడే.

"ఇంటి కప్పు మార్చాలండీ. వానొస్తే గుర్రాలకంటే ముందు మేమే తడుస్తున్నాం," అన్నాడు ఒరేల్. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు ఒడిల్ మీదే ఉన్నాయి.

ఒడిల్ గడియారాన్ని చేతిలోకి తీసుకుంది. వారం రోజులు ఇక్కడే ఉంచి వెళ్ళమంది.

అతను వెళ్ళగానే గడియారం పట్టుకుని చీపుర్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నన్నూ రమ్మంది. బకెట్ల మధ్య ఇద్దరం ఒదిగి నిలబడ్డాం. కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటుపడ్డాయి. గాలిలో రెండు ఆకుపచ్చ గీతలు తేలుతున్నట్టు కనబడ్డాయి. గడియారం ముళ్ళు. వాటి చుట్టూ అంకెలు మాత్రం లేవు, ఉత్త నలుపు.

"ఏం కనబడుతోంది?" అంది ఒడిల్.

"ముళ్ళు మెరుస్తున్నాయి. అంకెలు మెరవట్లేదు."

"ఆ రోజుల్లో పూసిన మెరుపు మందు ఇప్పటికి చచ్చిపోయి ఉండాలి. అంకెల మీద చచ్చింది. ముళ్ళ మీద బతికే ఉంది."

"బాగుచేయించినప్పుడు కొత్త మందు పూసి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు," అంది. గొంతులో ఏ ఉత్సాహమూ లేదు. "అలాగే అనుకుని ఊరుకుంటే హాయిగా ఉండేది."

ఊరుకోలేదు. వెనక మూత తీసింది. ముప్ఫై ఏళ్ళు దాటిన గడియారానికి లోపల మూత మీద బాగుచేసినవాళ్ళ గీతలు సన్నగా కనబడాలి. ఒక్క గీతా లేదు. మరల, అంటే స్క్రూల, తలలు ఒకే ఒక్కసారి బిగించినట్టున్నాయి. ఎర్ర మొన ముల్లు చివరిదాకా తిన్నగా ఉంది. తెర్వాన్‌లో డయల్ అంచు కొద్దిగా వంగి ఉండేది కాబట్టి, ఆ ముల్లు కొసని గోటితో కిందికి నొక్కాకే బయటికి పంపేవారు. ఆ నొక్కేది ఒడిల్, ఆవిడ పక్కన కూర్చునే ఇద్దరు ఆడవాళ్ళు. ఈ ముల్లుకి ఎవరి గోరూ తగల్లేదు.

అన్నీ అసలు భాగాలే. డయల్ అసలుదే, పెంకు అసలుదే, యంత్రం అసలుదే, ముళ్ళకి మందు మాత్రం తరువాత పూసింది. కానీ ఇది ఆ మేడలో తయారైన గడియారం కాదు. మేడ మూతపడ్డాక ఎవరో కూర్చుని బిగించారు. ఎవరై ఉంటారో ఆలోచించడానికి ఆవిడకి పెద్దగా సమయం పట్టలేదు. ఆఖరి నెల జీతాలు అందని రోజున, జీతానికి బదులు రెండు చెక్కపెట్టెల విడిభాగాలు తోపుడుబండి మీద ఇంటికి తోసుకెళ్ళినవాడు ఒక్కడే.

రెమి వోర్ప్ ఇంటికి కారులో నేనే తీసుకెళ్ళాను. ఏప్రిల్ వచ్చినా రోడ్డు పక్కన మంచు మట్టికొట్టుకుని కూర్చుని ఉంది. రెమికి ఎనభై దాటాయి. తెర్వాన్‌లో యంత్రాలు బిగించే బల్లకి పెద్దగా చేశాడు. భార్య పోయింది. తలుపు తీసి ఒడిల్‌ని చూడగానే, "అబ్బో, నిపుణురాలు! బూట్లు విప్పు, నేల తుడిచాను," అన్నాడు.

"నేల తుడిచింది మీ పనిమనిషి. నువ్వు కాదు."

"డబ్బిచ్చింది నేనేగా."

వంటగదిలో కూర్చున్నాం. అతను చీజు ముక్కలు కోయబోతుంటే కత్తి వణికింది. ఒడిల్ చూసీ చూడనట్టు కత్తి తీసుకుని తనే కోసింది. ప్లమ్ పండ్ల సారా మూడు చిన్న గ్లాసుల్లో పోశాడు, బల్ల మీద కూడా కాస్త పోసి. ఒడిల్ సంచిలోంచి గడియారం తీసి అతని ముందు పెట్టింది.

రెమి దాన్ని తిప్పి చూడలేదు. తాకను కూడా లేదు.

"ఎవారిస్ట్‌ది," అన్నాడు.

"నువ్వే చేశావు."

"మరి? యజమాని చేశాడనుకున్నావా? ఆయనకి చెంచాతో సూపు తాగడమే సరిగ్గా రాదు."

"రెమీ, నవ్వులాట కాదు. దీన్ని కంపెనీ గడియారమని అమ్మబోతున్నారు. ఇది నకిలీ."

అతని మొహం ఎర్రబడింది. "నకిలీనా? ఏం నకిలీ? భాగాలు అవే. మరలు అవే. ఆ మేడలో జీవితమంతా వీటినే బిగించాను. అవే చేతులు, అదే స్క్రూడ్రైవరు. ఒక్క యజమాని మాత్రమే లేడు. ఆయన లేకపోతే నా పని నకిలీ అయిపోతుందా?"

ఒడిల్ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది.

కాసేపటికి రెమి తగ్గాడు. మెల్లగా చెప్పాడు. పక్క ఊళ్ళ కంపెనీల్లో పాతికేళ్ళు చేసినవాళ్ళకి యజమాని ఒక మంచి గడియారం చేతికి తొడిగి, భోజనం పెట్టి పంపేవాడు. తెర్వాన్‌లోనూ ఆ మాట ఉండేది. ఈలోగా మూసేశారు. గడియారాలు చేసిచేసి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో ఒక్కడి దగ్గరా తెర్వాన్ లేదు. కొనే స్తోమత ఎవరికుంది? అందుకని చలికాలాల్లో, మంచు పడి బయటికి వెళ్ళే పని లేనప్పుడు, ఒక్కొక్కటీ బిగించాడు. ఎవరైనా పనులు మానుకున్నప్పుడో, జబ్బుపడ్డప్పుడో పట్టుకెళ్ళి ఇచ్చాడు.

"ఊరికే ఇచ్చావా?"

"ఊరికే ఏంటి? భోజనం పెట్టారుగా. యుగెట్ అయితే కుందేలు కూర వండింది." నవ్వాడు. "ఒక్క మాట మాత్రం తీసుకున్నా. ఎక్కడిదని ఎవరడిగినా కొనుక్కున్నామనే చెప్పాలని. కంపెనీ అప్పుల కింద ఆ పెట్టెలు చట్టప్రకారం బ్యాంకువాళ్ళవి. వచ్చి పట్టుకుపోతారని భయం."

"యుగెట్‌కి కూడానా? నా పక్కింట్లో ఉంటుంది, నాకెప్పుడూ చెప్పలేదు!"

"నీకు చెప్పొద్దనే మరీ మరీ చెప్పాను. నువ్వు అబద్ధం ఆడలేవు, తల్లీ. నీ మొహం నీ మాట వినదు."

తిరిగి వస్తుంటే కారులో ఒడిల్ కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోయిందనుకున్నాను. తవాన్ దాటాక అంది, "ఇంతమంది వంటగదుల్లో కూర్చున్నాను. మా పక్క వంటగదిలో ఉన్నది నాకు తెలీదు. ఇక చాలనిపిస్తోంది నాకు."

మర్నాడు గెర్బెర్ గారికి జరిగింది చెప్పింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు. "మరలు మరీ శుభ్రంగా ఉన్నాయని నాకూ అనిపించింది," అన్నారు చివరికి. "మీకు అనిపించకపోతే బాగుండునని ఆశపడ్డాను." అట్ట మీద బొమ్మ ఉండదన్నారు. కంపెనీ మూతపడ్డాక, అక్కడి పనివాడే అసలు భాగాలతో బిగించిన గడియారమని ఉన్నదున్నట్టు రాసి, దానికి తగ్గ ధర వేసి అమ్మడానికి మాత్రం ఒప్పుకున్నారు.

ఆ తగ్గ ధర ఇంటి కప్పుకి ఏ మూలకీ సరిపోదు. ఆ సంగతి ఒరేల్‌కి చెప్పాల్సింది ఒడిలే. ఫోనులో చెప్పడం పద్ధతి కాదని కొండ మీదికి వెళ్ళింది. నన్ను కారులోనే ఉండమంది. లాయం ముందు ఇద్దరూ నిలబడి మాట్లాడుకోవడం కనబడింది. మొదట వినబడలేదు, తరువాత ఒరేల్ గొంతు వినడానికి కిటికీ దించక్కర్లేకపోయింది.

"కొన్నానని మా నాన్న నాతో చెప్పాడు! నా మొహం మీద చెప్పాడు! ఆయన అబద్ధాలకోరంటారా?"

"మాట ఇచ్చాడు, ఒరేల్. నిలబెట్టుకున్నాడు. అంతే."

"పోయినవాడి గురించి మీరేమన్నా చెల్లుతుంది. ఆ వణుకుడు ముసలాడికి మతి ఉందా లేదా చూశారా? అతనన్నది నిజం, మా నాన్నది అబద్ధం!"

"గడియారమే చెబుతోంది. రెమి కాదు."

"గడియారం మీకే చెబుతుంది కాబోలు, మాకెవరికీ చెప్పదు! మీకు పిల్లాజెల్లా లేరు, కారే కప్పూ లేదు. వేలం చీటీ మీద ఒక్క మాట మింగేస్తే మీకేం పోయేది?"

ఒడిల్ తిరిగొచ్చి కారెక్కింది. బూట్లకి అంటిన పేడ తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "ఏం పోయేదో ఆలోచిస్తున్నా," అంది. "నిజంగా, ఏం పోయేది?"

ఒరేల్ గడియారం వెనక్కి తీసుకున్నాడు. వేసవిలో ఇంకో దేశంలో, ఇంకో వేలంశాలలో అది పోయింది, ఏ వివరమూ లేకుండా, తెర్వాన్ నల్ల డయల్ అని. ధర జెనీవా గడియారాన్ని కూడా దాటేసింది. శరదృతువుకి కొండ మీద ఇంటికి కొత్త కప్పు పడింది. సూపర్‌మార్కెట్లో ఒడిల్ ఎదురైతే ఒరేల్ ట్రాలీ తిప్పుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయేవాడు. మా వేలంశాలకి శనివారాలు వచ్చేవాళ్ళూ తగ్గారు. ఆ ముసలామె దగ్గరికెళ్తే అసలువి కూడా నకిలీలంటుందని ఊళ్ళో అనుకునేవారు. అదేం ఆవిడ పట్టించుకున్నట్టు కనబడలేదు. కాకపోతే మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగడం మొదలెట్టింది.

యుగెట్‌ని మాత్రం వెళ్ళి నిలదీసింది. యుగెట్ పరుపు కింద నుంచి తన గడియారం తీసి చూపించింది. "అమ్మేది లేదు. కాబట్టి అసలో నకిలీనో నాకు చెప్పక్కర్లేదు," అంది. "ఏదైనా చెబితే నీకు కాఫీ ఉండదు."

చలికాలం మొదట్లో రెమి కబురు చేశాడు. వృద్ధాశ్రమానికి మారబోతున్నాడు. ఇల్లు ఖాళీ చేస్తూ చివరి గడియారం దొరికిందన్నాడు. అన్నీ బిగించినదే. ముళ్ళు మాత్రం పెట్టలేదు. చేతులు వణికి మూడేళ్ళుగా అలాగే గాజు గిన్నె కింద ఉంది.

"ఎవరికోసం చేసింది?" అంది ఒడిల్, మేం వెళ్ళి అతని వంటగదిలో నిలబడ్డాక.

"నీకోసం. నీది ఆఖర్న పెట్టుకున్నా. ముందే ఇస్తే పట్టేస్తావని."

"ఊరందరి ముందూ ఇవి పనికిరావని చెప్పినదాన్ని నేను. నాకు ఇస్తావా?"

"పనికిరావని నువ్వెప్పుడన్నావు? తక్కువ ధర అన్నావు. ఆ రెండూ ఒకటి కావని నీకు తెలీదా?"

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని కోటు కూడా విప్పకుండా చాలాసేపు దాన్ని చూసింది. తరువాత చేతులు కడుక్కొచ్చి, పట్టుకారు తీసుకుని, ముళ్ళు ఒక్కొక్కటీ కూర్చోబెట్టింది. ముప్ఫై ఏళ్ళు ఆ పని చేయకపోయినా చేయి మరిచిపోలేదు. కళ్ళు మాత్రం మాటిమాటికీ నీళ్ళు కారాయి, శ్రమకో దేనికో. పొడుగు ముల్లు కొసని గోటితో నొక్కింది. వెనక మూత బిగించే ముందు లోపలి వైపు సూదితో రెండు పేర్లు, ఆ ఏడాది, రెమి వంటగదిలో చేసినది అన్న మాటా గీసింది.

"ఇప్పుడు దీన్నెవరూ ఇంకోలా అమ్మలేరు," అంది.

"ధర పోగొట్టావు," అన్నాడు రెమి సంతోషంగా.

వాటి సంగతి అచ్చులో పెట్టడానికి అతను ఒక షరతు పెట్టాడు. "నేను చచ్చాక రాయి. బ్యాంకువాళ్ళు అక్కడిదాకా రారు." ఫిబ్రవరిలో పోయాడు. వేసవికి ఒడిల్ సేకరణదారుల పత్రికలో రాసింది. ముళ్ళు, మరలు, మూత, ఎలా గుర్తుపట్టాలో అన్నీ. ఎవరెవరికి ఇచ్చాడో మాత్రం ఒక్క పేరూ రాయలేదు. కింద సంతకం పెట్టి, టపాలో వేసి వచ్చి, ఇక వేలంశాలకి రానని గెర్బెర్ గారితో చెప్పింది. ఆయన వద్దనలేదు.

ఆ వ్యాసం చదివి ఒరేల్ దగ్గర కొన్నాయన తన సొమ్ము వెనక్కి అడిగాడు. వకీళ్ళ మధ్య కొంతకాలం నడిచింది. చివరికి ఒరేల్ ఇవ్వాల్సే వచ్చింది. కప్పుకి ఖర్చయిపోయిన సొమ్ముకి అప్పు తెచ్చుకున్నాడు, రెండు గుర్రాలు అమ్మాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం నేను ఒడిల్ ఇంట్లో ఉన్నప్పుడు తలుపు చప్పుడైంది. ఒరేల్. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పోట్లాటకొచ్చాడేమోనని నేను లేచాను. ఒడిల్ లేవలేదు. "పోట్లాడాలంటే కూర్చుని పోట్లాడు. నిలబడేవాళ్ళతో నాకు మెడ నొప్పి," అంది.

అతను కూర్చున్నాడు. జేబులోంచి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

"తిరిగొచ్చింది. ఇక ఎవరూ కొనరు."

"తక్కువకి కొంటారు."

"తక్కువకి ఇవ్వను." మీద కొత్త కప్పుంది, కింద అప్పుంది, ఇంట్లో భార్య మాట్లాడటం లేదు. ఇవన్నీ అతనికెంత బరువుగా ఉన్నాయో భుజాలు చూస్తే తెలుస్తోంది. "మీ మీద కోపం పోలేదు. అది చెప్పడానికి రాలేదు."

"మరి?"

"ముసలాయన దీన్ని తెచ్చిచ్చిన రోజు మా నాన్న ఏమన్నాడో మీకు చెప్పాడా?"

"చెప్పలేదు. నేను అడగలేదు." ఆ మాట అన్నాక ఒడిల్ మొహం మారింది. అప్పటిదాకా అది తనకి తట్టలేదని తెలిసింది.

"అక్కడ ఆయన ఎలా ఉండేవాడు? ఆ మేడలో? ఇంట్లో మాతో ఏమీ మాట్లాడేవాడు కాదు."

ఇన్నేళ్ళలో ఆ తలుపు తట్టినవాళ్ళంతా యంత్రం నంబరు అడిగారు, డయల్ రంగు అడిగారు, ధర అడిగారు. ఒడిల్ అలసిపోయిన మనిషి లేచినట్టు బల్ల అంచు పట్టుకుని లేచి, కాఫీ పెట్టింది.

"నిద్రపోయేవాడు," అంది.

"ఏంటి?"

"మధ్యాహ్నం భోజనమయ్యాక గడియారం పెంకుల గోదాములో, గోనెల మీద. గురక పైఅంతస్తుకి వినబడేది. మేం ముళ్ళు పెడుతుంటే చేయి అదిరేది ఆ గురకకి. ఒకసారి మేనేజరు కిందికి బయల్దేరాడు. రెమి మెట్ల మీద కాలు జారినట్టు నటించి, ఆయన మీద పడిపోయాడు, మీ నాన్న లేచేదాకా..."

ఒరేల్ నోటికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. ఒడిల్ అతని ముందు కప్పు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంకోటి చెప్పడం మొదలెట్టింది.